తడి నెరిగిన నార

కాలిన గాయములకు చికిత్స చేయు ఏ వార్డునందైనను రోగులు మిక్కిలి భయపడు వేళ యొకటి కలదు. అది నర్సమ్మ కట్లు మార్చుటకై బండి త్రోసికొనుచు వచ్చు ఉదయపు వేళ. ముందునాడు గాయముపై పరచిన గాజుగుడ్డ రాత్రియంతయు రసిని పీల్చి, ఆరి, అట్టకట్టి, క్రింది మాంసముతో ఏకమై యుండును; దాని అల్లికలోని కన్నములగుండ లేతకండ పైకి ప్రాకి దారములను చుట్టుకొని యుండును; ఉప్పునీరు పోసి నానబెట్టి ఎంత మెల్లగా లాగినను, ఆ గుడ్డతో కూడ దేహము రాత్రి కష్టపడి అల్లుకొన్న క్రొత్తపొర కొంత ఊడివచ్చును. నెత్తురు చిమ్మును. రోగి కేక వేయును. మరల క్రొత్త గాజుగుడ్డ పరతురు. మరునాడు మరల అదే తంతు.

ఆ గాజుగుడ్డ దూదినూలు. దూది యనగా నూటికి తొంబదిపాళ్లకు మించి సెల్యులోజు. నేడు అదే సెల్యులోజుతో చేసినవై, గాయమునకు అంటుకొనక, కొన్ని దినములు కదలక కూర్చుండి, క్రింద చర్మము పుట్టినకొలది తమంతట తామే అంచులనుండి ఊడివచ్చునట్టి కట్లు వైద్యులకు లభించుచున్నవి. పదార్థ మొక్కటే, దాని నడవడి ఇంతగా మారుటకు కారణము నీరు. సెల్యులోజునకును నీటికిని గల సంబంధమును మనుష్యులు కొంచెము కొంచెముగా, నడుమ నూరేండ్ల పొరపాటుతో, తెలిసికొనిన చరిత్రయే ఈ వ్యాసమునకు విషయము.

గ్లూకోజు గొలుసు

1838లో ఆన్సెల్మ్ పాయెన్ అను ఫ్రెంచి రసాయనవేత్త కట్టెను, దూదిని, ఆకులను, వేళ్లను ఆమ్లములతోను క్షారములతోను కడిగి కడిగి, అన్నిటియందును కడకు మిగులు తెల్లని గట్టి పదార్థ మొక్కటే యని గ్రహించెను. అది గ్లూకోజు కణికల గొలుసు. మనము తిను పిండిపదార్థమును గ్లూకోజు గొలుసే. కాని బియ్యపు పిండిలో ఆ కణికలన్నియు ఒకే వైపునకు తిరిగి కూర్చుండుటచే గొలుసు మెలిక తిరుగును, సెల్యులోజులో ఒకటి విడిచి యొకటి తలక్రిందులుగా కూర్చుండుటచే గొలుసు తిన్నగా నిలుచును. తిన్నని గొలుసులు ప్రక్కప్రక్కన చేరి హైడ్రోజను బంధములచే బిగిసికొనినప్పుడు నీట కరుగని, వేడికి సులభముగ లొంగని నార యగును. అన్నమునకును అంగవస్త్రమునకును గల భేదమంతయు ఈ యొక్క మలుపులోనే యున్నది.

ఆవు కడుపులోని సూక్ష్మజీవులకు ఆ గొలుసును త్రెంపగల ఎంజైమున్నది, మనుష్యదేహమునకు లేదు. ఇది లోపమువలె దోచును గాని, గాయము విషయమున ఇదియే సుగుణము. దేహము ఈ నారను జీర్ణించుకొనలేదు. నారయు దేహరసములలో కరిగి విషము కానేరదు. చర్మముపై నున్నంతసేపు ఒకదానితో నొకటి జోక్యము కలిగించుకొనక యుండగలవు. ఐతే శస్త్రచికిత్సలో లోపల మరచిపోయిన దూదిగుడ్డ ఏండ్ల తరబడి కరుగక నిలిచి చేయు అపకారమునకును మూలము ఈ గుణమే.

చేనినుండి వచ్చిన పత్తి నీటిలో వేసిన తేలును. పోగుపై నున్న మైనము నీటిని దరికి రానీయదు. క్షారముతో ఉడికించి, ఆ మైనమును తీసి, తెల్లబరచినప్పుడే అది ఆసుపత్రి దూది యగును. ఔషధప్రమాణ గ్రంథములు విధించిన పరీక్ష కఠినమైనదే: మంచి దూది నీటిపై విడిచిన 10 సెకండ్లలో మునుగవలెను, గ్రాము దూది 23 గ్రాములకు తక్కువ కాకుండ నీటిని పట్టవలెను. ఈ పనికి పొడుగు పింజ అక్కరలేదు. ఆదిలాబాదు, గుంటూరు బేరగాండ్రు ధర కట్టుటకు వెనుకాడు పొట్టిపింజ నాటుపత్తియు, నూలు మిల్లులలో దువ్వెనయంత్రముల క్రింద రాలిపడు పీచును దూది కర్మాగారములకు చాలును. ఇక గాజుగుడ్డకును బ్యాండేజి బట్టకును తమిళనాట రాజపాళయము చెంతనున్న ఛత్రపట్టి ప్రసిద్ధము.

ఆకు, తేనె, నేయి

వ్రణమును కప్పవలెనను తలంపు మిక్కిలి పాతది. సుశ్రుతసంహిత సూత్రస్థానమున కట్లకు పనికివచ్చు వస్తువుల పట్టిక యొకటి కలదు: క్షౌమము, కార్పాసము, ఆవికము, దుకూలము, కౌశేయము, పత్రోర్ణము, చీనపట్టము, చర్మము, చెట్టు లోపలి బెరడు, ఇట్లు సాగును. కోశ దామ స్వస్తికాది భేదములచే కట్టు విధములు 14. వ్రణమునకు చేయదగిన ఉపక్రమములు 60. ఆ అరువదిలో పత్రదాన మొకటి, అనగా మందు పూసిన పుండుపై ఆకు కప్పుట. తేనెతోను నేతితోను తడిపి వ్రణములోనికి చొప్పించు బట్టవత్తికి వికేశిక యని పేరు. మన పూర్వులకు సమస్తమును ముందే తెలియునని చాటుకొను చాపల్యము నాకు లేదు. సూక్ష్మజీవులు కలవని సుశ్రుతు డెరుగడు, ఎరుగుటకు సాధనమును లేదు. ఐనను పుండుపై ఆకు కప్పించిన వైద్యునకు, బట్టను నేతిలో తడిపించిన వైద్యునకు, పొడిబట్ట అంటుకొనును, తడిబట్ట అంటుకొనదు అను నొక్క సంగతి చేతి యనుభవమున తెలిసియే యుండవలెను.

పందొమ్మిదవ శతాబ్దపు యూరపు ఆ సంగతిని ప్రక్కకు నెట్టెను. అట్లు నెట్టుటకు దానికి బలవత్తరమైన కారణమే యుండెను. ఆసుపత్రులలో శస్త్రచికిత్స చేయించుకొన్నవారు చీముపట్టి మరణించుట నిత్యకృత్యమైన దినములలో, 1867లో జోసెఫ్ లిస్టరు కార్బాలిక్ ఆమ్లముతో వ్రణమును శుద్ధిచేయు పద్ధతిని ప్రకటించి, చీమునకు మూలము సూక్ష్మజీవులే యని వైద్యలోకమును నమ్మించెను. ఎండినచోట సూక్ష్మజీవి పెరుగదు, తడియున్నచోట పెరుగును. కావున వ్రణమును ఎంత పొడిగా నుంచిన అంత మేలని ఆ తరమువారు తీర్మానించిరి. తర్కము నిర్దుష్టముగ కనబడును. అందువలననే అది నూరేండ్లు నిలిచెను. జర్మనీలో ట్యూబింగెన్ శస్త్రవైద్యుడు విక్టర్ ఫాన్ బ్రన్స్ మైనము తీసిన దూదిని వాడుకకు తెచ్చెను. 1870లలో హైడెన్‌హైమ్ పట్టణపు పాల్ హార్ట్‌మన్ కర్మాగారము దానిని రాసులుగ తయారు చేయసాగెను. 1880లో బర్మింగుహాము శస్త్రవైద్యుడు జోసెఫ్ సాంప్సన్ గాంజీ రెండు గాజుగుడ్డల నడుమ దూది దట్టముగ నింపిన మెత్తను ప్రవేశపెట్టగా, అది ఆయన పేరనే నేటికిని చలామణి యగుచున్నది. ఆ ఊర పెరిగిన టోల్కీన్ అను రచయిత చిన్ననాడు దూదిని గాంజీ యనుట వినియుండుటచే, తరువాత తన మహాకథలోని ఒక తోటమాలికి ఆ ఇంటిపేరే పెట్టెను. ఇదంతయు పీల్చు విద్య. రసిని ఎంత త్వరగా, ఎంత హెచ్చుగా లాగివేయుదుమా యనునదే అప్పటి పోటీ.

చంపు దూది, మాన్పు నాచు

సెల్యులోజు చరిత్రలో ఒక విచిత్రమైన అధ్యాయమును వదలి ముందునకు పోలేను. 1846లో స్విట్జర్లాండు బాసెల్ నగరమున క్రిస్టియన్ షోన్‌బైన్ అను రసాయనవేత్త దూదిని నత్రికామ్ల గంధకామ్లముల మిశ్రమమున ముంచి తీయగా, చూచుటకు మామూలు దూదివలెనే యుండి నిప్పు తగిలిన తోడనే పొగలేక పేలిపోవు పదార్థమేర్పడెను. అదియే తుపాకి దూది. మరుసటి యేడే అమెరికాలో బోస్టను నగరపు వైద్యవిద్యార్థి జాన్ పార్కర్ మేనార్డ్, ఆ జాతి నైట్రోసెల్యులోజునే ఈథరు ఆల్కహాలుల మిశ్రమమున కరిగించిన కొలోడియన్‌ను చిన్న గాయములపై పూసెను. ద్రవము ఆవిరియై పలుచని పారదర్శకమైన పొర మిగిలి గాయమును మూసెను. ఒకే ముడిపదార్థము, ఒకే ఆమ్లములు. సంవత్సరము తిరుగకముందే ఒక పాయ ఫిరంగికిని, ఒక పాయ మందులపెట్టెకును పోయినది.

మొదటి ప్రపంచయుద్ధమున ఆ రెండు పాయలును తలపడినవి. సైన్యములకు పేలుడు మందు కావలెను, క్షతగాత్రులకు కట్లు కావలెను; రెంటికిని పత్తియే మూలము. పత్తి చాలలేదు. 1914 చివర స్కాట్లాండులో ఎడింబరో శస్త్రవైద్యుడు ఛార్లెస్ కాత్‌కార్టును, అక్కడి రాజోద్యానపు అధిపతి యైన వృక్షశాస్త్రవేత్త ఐజాక్ బేలీ బాల్‌ఫరును కలిసి, బురదనేలలలో విస్తారముగ పెరుగు స్ఫాగ్నమ్ అను నాచును గాయములకు వాడవచ్చునని పత్రికాముఖమున సూచించిరి. ఆ నాచు ఆకులలో ప్రాణము లేని, రంగు లేని, కన్నములు గల ఖాళీకణములు వరుసలుగ నుండును. వాని గోడలు సెల్యులోజు జాతివి. ఎండిన నాచు తన బరువునకు ఇరువది రెట్ల వరకు ద్రవమును పట్టి, దూదివలె ఒకచోట ముద్దగాక మెత్తయంతటను పరచుకొననిచ్చును. పైగా దానికి సహజముగ కొంత ఆమ్లగుణము కలదు. అది సూక్ష్మజీవులకు గిట్టదు. స్త్రీలు, బాలురు బుట్టలు పట్టుకొని బురదలో దిగి నాచు నేరిరి. పుల్లలు, పురుగులు ఏరివేసి, ఎండబెట్టి, సంచులలో కుట్టిరి. యుద్ధము ముగియునాటికి బ్రిటనునుండి నెలకు పదిలక్షల నాచు మెత్తలు యుద్ధభూమికి పోవుచుండెనని చెప్పుదురు.

అదే యుద్ధమున అమెరికాలో కింబర్లీ క్లార్క్ సంస్థ కట్టెగుజ్జునుండి తీసిన సెల్యులోజు మెత్తలను సైన్యమునకు అమ్మెను. ఆ మెత్తలను నర్సులు మరియొక అవసరమునకు వాడుకొనుట ఆరంభించిరి. యుద్ధానంతరము ఏమి చేయవలెనో తెలియక మిగిలిన సరకునుండి 1920లో కోటెక్స్ పుట్టినది. పురుషుల గాయములకై పుట్టిన వస్తువు స్త్రీల నెలసరి బాధను తీర్చునని కనిపెట్టిన ఆ నర్సుల పేరులను ఏ పాఠ్యపుస్తకమునందును చూడము.

పందులు చెప్పిన సాక్ష్యము

పొడికట్టు సిద్ధాంతమునకు దెబ్బ తగిలినది 1962లో. లండనులో జార్జి వింటర్ అను పరిశోధకుడు పందిపిల్లల వీపుపై సమానమైన లోతులేని గాయములు చేసి, కొన్నిటిని గాలికి వదలెను, కొన్నిటిని పలుచని పాలిథీను పొరతో మూసెను. పందిచర్మము మనుష్యచర్మమునకు చాల దగ్గరిది. అందుకే ఆ యెంపిక. గాలికి వదలిన గాయములు యథావిధిగ పక్కు కట్టినవి. మూసినవి తడిగా నిలిచినవి. క్రొత్త పైచర్మము తడిగాయములపై రమారమి రెండురెట్ల వేగమున పరచుకొనెను. నేచర్ పత్రికలో వెలువడిన ఈ సంగతి మనుష్యులయందును నిజమేనని మరుసటి సంవత్సరము ఇద్దరు అమెరికను వైద్యులు, హిన్‌మనును మైబాకును, చూపిరి.

కారణము తెలిసిన పిదప ఆశ్చర్యము కలుగదు. గాయపు అంచునుండి బయలుదేరు చర్మకణములు జీవించునది తడిలో, ప్రాకునది తడిలో. పైన పక్కు కట్టినచోట అవి ఎండిన పొరను దాటలేక, తడి దొరకునంత లోతునకు దిగి, పక్కు క్రిందుగా దారి త్రవ్వుకొనుచు పోవలసి వచ్చును. తడి నిలిచినచోట నేరుగ పైననే జారిపోవును. నరముల కొనలు ఎండకుండుటచే నొప్పియు తగ్గును. పక్కు కట్టినది, ఇక మానును అని మన యిండ్లలో పెద్దలు ఊరడించుట వినని వారుండరు. పక్కు కట్టుట మానుటకు సాధనము గాక మానుటలో ఆలస్యమని వింటరు పందులు సాక్ష్యము చెప్పినవి. అంతమాత్రమున గాయమును నీటిలో నానవేయుమని కాదు. రసి నిలిచిపోయినచో చుట్టునున్న మంచిచర్మము తెల్లబారి మెత్తబడి చెడును. చీముపట్టిన గాయమును గాలి చొరకుండ మూసిన ప్రమాదము. కావలసినది మితమైన తడి: హెచ్చైనది పీల్చవలెను, పీల్చినదానిని ఎండనీయరాదు. పాలిథీను పీల్చదు, దూది పీల్చి యెండును. రెండు పనులును చేయు పదార్థముకొరకు వెదకిన వైద్యులు మరల సెల్యులోజు వద్దకే వచ్చిరి.

నార జిగురైన విధము

సెల్యులోజు గొలుసునకు అక్కడక్కడ కార్బాక్సీమిథైల్ అను ఆమ్లపు శాఖలను తగిలించి సోడియముతో జతకూర్చినచో, గొలుసులు ఒకదానినొకటి విడిచి నీటిని కౌగిలించుకొనును. నీట కరుగని నార నీటిని పట్టిన జిగురగును. ఐస్‌క్రీములోను, టూత్‌పేస్టులోను మనకు తెలియకయే దీనిని దినదినము నోట పెట్టుకొనుచున్నాము. పెక్టిను, జెలటినులతో కలిపిన దీని ముద్దను మొదట నోటిపుండ్లకును, ప్రేగు శస్త్రచికిత్స జరిగినవారి పొట్టపై సంచి నంటించుటకును వాడిరి. సంచి క్రింద ఒరసిన చర్మము బాగుపడుచుండుట కంటబడెను. 1980ల ఆరంభమున దానినే పలుచని పొరపై పరచి కాలిపుండ్లకు అతుకుట మొదలైనది. వైద్యులు హైడ్రోకొలాయిడు డ్రెస్సింగు అనునది ఇదియే. రసి తగిలినచోటనెల్ల అది ఉబ్బి మెత్తని జిగురై, గాయమును తడిగా నుంచి, తీయునప్పుడు అంటుకొనక వచ్చును. ఒక చిక్కు మాత్రము కలదు: ఆ జిగురు పసుపుపచ్చగా నుండి వాసన వేయును, ముందుగా చెప్పనిచో రోగి అది చీమని భయపడి కట్టు విప్పివేయును. 1990లలో ఈ పదార్థమునే నారగా వడికి మెత్తలు చేసిరి. ఆ నార రసిని నిలువుగా లాగుకొని ప్రక్కలకు పోనీయదు గనుక గాయపు అంచులు నానవు.

శస్త్రచికిత్సలో నెత్తురు నాపుటకు సెల్యులోజును మరియొక రీతిగ మార్చిరి. నత్రజని ఆక్సైడు వాయువుతో ఆక్సీకరించిన సెల్యులోజు రక్తము తగిలిన వెంటనే నల్లని గడ్డయై రక్తనాళముల ముఖములను మూయును. అంతేగాక, మామూలు దూది దేహములో కరుగకుండగా ఇది కొన్ని వారములలో కరిగి మాయమగును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున కొలంబియా విశ్వవిద్యాలయమున వర్జీనియా నీలండ్ ఫ్రాంట్జ్ అను వైద్యురాలు దీనిని పరీక్షించి నిరూపించెను. నేడు శస్త్రచికిత్సాగారములలో సర్జిసెల్ అను పేర వినబడు బట్ట ఈ వంశములోనిదే.

పులిసిన తేటపై పొర

ఇంతవరకు చెప్పినదంతయు చెట్టునుండి పుట్టిన సెల్యులోజు. చెట్టుతో పనిలేక సెల్యులోజును నేయు జీవి యొకటి కలదని 1886లోనే తెలిసెను. ఇంగ్లండున బర్టన్ ఆన్ ట్రెంటు అను బీరు కాచు ఊర రసాయనవేత్తగ నుండిన ఏడ్రియన్ బ్రౌన్, పులిసి సిర్కాగా మారుచున్న ద్రవముపై తేలు దళసరి పొరను పరీక్షించి అది సెల్యులోజే యనియు, దానిని నేయునది ఒక సూక్ష్మజీవి యనియు చూపెను. ఆ సూక్ష్మజీవికి నేడు కొమగటైబాక్టర్ క్సైలినస్ అని పేరు. అది చక్కెరను తిని, దేహపు ప్రక్కనున్న రంధ్రముల వరుసనుండి, సాలెపురుగు దారము తీసినట్లు, నిమిషమునకు రెండు మైక్రానుల మేర సన్నని రిబ్బను తీయును; కోట్లకొలది జీవులు అటునిటు తిరుగుచు తీసిన రిబ్బనులు ఒకదానిలో నొకటి చిక్కుకొని, గాలియు ద్రవమును కలియు మట్టమున ఒక పొర ఏర్పడును. ఆ రిబ్బనులు దూదిపోగుకంటె నూరురెట్లు సన్నము. కట్టెలో నుండు లిగ్నిను దానిలో లేదు. చేతికి గట్టిగా తగులు ఆ తడిపొరలో నూటికి 99 పాళ్లు నీరే.

ఇట్టి వస్తువు నూరేండ్లు వైద్యుల కంటబడకపోవుట వింత. ఫిలిప్పీనులలో మాత్రము 1949నుండి కొబ్బరినీటిపై దీనిని పెంచి, ముక్కలు కోసి, పానకమున వేసి, నాటా డి కోకో అను పేర తినుచుండిరి. వైద్యములోనికి దానిని తెచ్చినవారిలో మొదటి వరుసలో చెప్పదగినది బ్రెజిలు. 1980లలో కురిటీబా నగరమున ఈ పొరను ఆరబెట్టి బయోఫిల్ అను పేర తాత్కాలిక చర్మముగ తయారు చేసిరి. 1990లో ప్రకటింపబడిన వారి వ్యాసము 300కు మించిన చికిత్సలను పేర్కొని చెప్పినది చదువదగినది: వేసిన వెంటనే నొప్పి తగ్గుట, గాయమునకు చక్కగా అతుకుట, పారదర్శక మగుటచే విప్పకయే లోపలి స్థితిని చూడగలుగుట, చర్మము పుట్టినపిదప తనంతట ఊడుట, కాగా, కీళ్లవంటి కదలు చోట్ల సాగకపోవుట దోషము. దోషమును కూడ దాచక చెప్పినందుననే ఆ వ్యాసముపై నాకు గౌరవము.

బ్రెజిలువారు పొరను ఎండబెట్టిరి, పోలండువారు ఎండబెట్టలేదు. వూడ్జ్ సాంకేతిక విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఎన్నడును ఎండని పొరను తయారు చేయగా, సిలీసియాలోని షెమియనోవిట్సె కాలినగాయముల కేంద్రమున దానిని రోగులకు వాడి చూచిరి. ముఖము కాలినవారికి కన్నులకు, ముక్కునకు, నోటికి తావులు విడిచి ముసుగుగా పరచిన ఆ తడిపొర, నుదుటి వంపులకు, ముక్కు ప్రక్కల గుంటలకు తనంతట ఒదిగి అతుకుకొన్న చిత్రములను వారు ప్రకటించిరి. గాజుగుడ్డతో ముఖమున కట్టు కట్టుట యెంత కష్టమో తెలిసినవారికి వాని విలువ చెప్పనక్కరలేదు. ఫిన్లండువారు బర్చి కట్టెను నానోనారలుగ చీల్చి మరియొక దారిన ఇదే గమ్యమునకు వచ్చిరి. చర్మము అతుకుటకై రోగి తొడనుండి పలుచగా కోసి తీసినచోట ఆ పొరను పరచి హెల్సింకిలో పరీక్షించిన తొలి ఫలితములు 2016లో వెలువడినవి, ఐతే అప్పటి రోగులు తొమ్మిదిమందియే.

ఈ పొరకు స్వతః సూక్ష్మజీవులను చంపు శక్తి లేదు. చీముపట్టిన గాయమునకు వాడదలచినచో వెండినో, మరియొక మందునో దానిలో చొప్పింపవలెను. అది మోయును, తడిపి యుంచును, కప్పును, చంపదు.

ఖరీదు, కాలు, కొబ్బరినీరు

మన దేశమున ఏటేట పది లక్షలకు మించినవారు ఓ మోస్తరుగనో తీవ్రముగనో కాలుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. 2023లో ప్రకటింపబడిన భారత వైద్యపరిశోధనా మండలి సర్వే ప్రకారము మధుమేహము కలవారు 10.1 కోట్లు, వారి పాదములపై పుట్టు పుండ్లు నెలల తరబడి మానవు. ఇంతమందికి విదేశపు మెత్తలు కొనిపెట్టుట ఏ ప్రభుత్వాసుపత్రికిని సాధ్యము కాదు. ఈ చిక్కును ముంబాయి వైద్యులు తమ రీతిని ఎదుర్కొనిరి. అక్కడి వాడియా బాలల ఆసుపత్రి వైద్యుడు కేస్వాని 1985లో ఉడికించిన బంగాళదుంపల తొక్కను గుడ్డకు అతికించి కాలిన గాయములపై పరచిన విధమును ప్రకటించెను. తరువాత సయన్ ఆసుపత్రిలో వైద్యురాలు మాధురీ గోరే శుద్ధిచేసిన అరటాకును అట్లే వాడి, నొప్పిలేకుండ ఊడివచ్చునని చూపెను. సుశ్రుతుని పత్రదానము శస్త్రచికిత్సా విభాగమునకు తిరిగివచ్చినది. ఐతే అరటాకు అంటుకొనకుండుటకు కారణము సెల్యులోజు కాదు, పైనున్న మైనపు పొర. ఏ మైనము దూదికి దోషమని క్షారముతో ఉడికించి తీయుదుమో, అదియే ఆకునకు గుణమైనది. ఆకు పీల్చదు, కప్పి తడిని నిలుపును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. కొత్త కట్టు వేసిన పుండ్లన్నియు మానునని కంపెనీల కరపత్రములు పలుకునప్పుడు తలయూపరాదు. మధుమేహపు పాదవ్రణములపై వాడు నానావిధ డ్రెస్సింగుల అధ్యయనములను 2015లో కాక్రేన్ సంస్థ సమీక్షించి, ఒకటి మరియొకదానికన్న మేలని నమ్మదగిన ఆధారము కానరాలేదని తేల్చెను. 2018లో వెలువడిన ఒక యూరపు పరీక్షలో 240 మంది రోగులకు ఒకే రకపు కార్బాక్సీమిథైల్ సెల్యులోజు కట్టునే వేసి, సగముమందికి మాత్రము దానిలో సుక్రోజు ఆక్టాసల్ఫేటు అను లవణమును చేర్చిరి. 20 వారములలో లవణమున్న కట్టుతో నూటికి 48 పుండ్లును, లేనిదానితో 30 పుండ్లును మూసికొనినవి. కట్టు రెండు పక్షములకును సమానమే. భేదము తెచ్చినది మందు. మరియు స్పర్శ లేని పాదముపై బరువు పడుచున్నంతవరకు ఏ మందును నిలువదు. వెల్లూరులో కుష్ఠురోగుల పాదములను దశాబ్దములు పరిశీలించిన పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు పాదమును పిండికట్టుతో బిగించి బరువు తొలగించుటచేతనే మొండిపుండ్లను మాన్పెను.

అట్లైన ఈ క్రొత్త కట్టుల ప్రయోజన మేమి? నా అభిప్రాయమున, వాని లాభమును మానిన దినములలో మాత్రమే లెక్కించుట పొరపాటు. మార్చిన కట్టుల సంఖ్యలో లెక్కింపవలెను. పల్లెనుండి పట్నపు ఆసుపత్రికి దినము విడిచి దినము కట్టుకై వచ్చు కూలివానికి గాజుగుడ్డ ఉచితమే. బస్సు ఛార్జి ఉచితము కాదు, పోయిన కూలి యెవరును ఇయ్యరు, వెంట వచ్చిన భార్య కూలియు పోవును. వారమునకొక మారు మార్చిన చాలునట్టి కట్టు అంగడిలో పదిరెట్లు ఖరీదైనను, అతని యింటిలెక్కలో చవక కావచ్చును. మెలకువతో నుండగనే కట్టు లాగించుకొను పసిబిడ్డ బాధకు ఏ లెక్కయు లేదు.

పొరను పెంచుటకు కావలసిన సరకు మన యొద్ద లేనిది కాదు. కోనసీమలో కాయ కొట్టి ఎండుకొబ్బరి చేయు చోట్ల ముదురు కొబ్బరినీరు కాలువపాలగును. చెరకు మిల్లులయందు మొలాసిస్ కలదు. ఆ సూక్ష్మజీవికి రెండును ఇష్టమైన ఆహారమే. బ్రెజిలులోని పెర్నంబూకో రాష్ట్రమున చెరకు మొలాసిస్‌పై ఈ జాతి పొరను పెంచి గాయములకు వాడుచున్నారు. పళ్లెములలో కదలించక విడిచిన వారము పదిదినములలో పొర కట్టును. కాని తినుటకు చేసిన పొర వేరు, గాయమునకు చేయవలసిన పొర వేరు. లోపల చిక్కుకొన్న సూక్ష్మజీవులను, వాని కళేబరముల విషమును క్షారములో కాచి కాచి పోగొట్టవలెను, పోయినదని కొలిచి చూపవలెను, గామా కిరణములతో శుద్ధిచేయవలెను; ప్రతి పళ్లెపు పొరయు ఒకే మందము, ఒకే గుణము కలదిగా రావలెను. ఖరీదంతయు ఇచ్చటనే పుట్టును, కొబ్బరినీటిలో కాదు.

ఆ తరువాతి పని ఆసుపత్రిది. కాలినగాయముల విభాగము గల ఒక వైద్యకళాశాలయు, సూక్ష్మజీవశాస్త్రము బోధించు ఒక విశ్వవిద్యాలయమును చేతులు కలిపినచో, ఒకే రోగి దేహమున రెండు చోట్ల, చర్మము కోసి తీసిన తొడలపై ఒక ప్రక్క గాజుగుడ్డను, మరియొక ప్రక్క ఈ పొరను వేసి, మానిన దినములను, మార్చిన కట్లను, మార్చునప్పుడు రోగి చెప్పిన నొప్పిని, అయిన ఖర్చును పక్కపక్కన వ్రాసికొనవచ్చును. ఆ పట్టికలో చివరి గడి, ఖర్చు గడి, నిజాయితీగా నింపుటయే అన్నిటికన్న కష్టము. దానిలో ఆసుపత్రి బిల్లుతో కూడ రోగి బస్సు టిక్కెట్లను చేర్పవలెను.